సమాధి మీది సైకిల్ బెల్లు

ముందే చెప్పేస్తున్నాను. నేను మా ఆయన తాతగారి సమాధి మీద దొంగతనం చేశాను. పట్టపగలు, పక్కన టిఫిన్ డబ్బా పెట్టుకుని మరీ చేశాను. దాని తర్వాత నాకు జరిగిన శాస్తి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, ఆ నవ్వు సగంలో ఉండగానే ఒళ్లు జలదరిస్తుంది. ఎందుకంటే అందులో ఒక్క ముక్క ఇప్పటికీ నాకు అర్థం కాలేదు.

నాలుగేళ్ల కిందటి మాట. ఈ దీవుల్లోనే, డెలానీపూర్ క్వార్టర్స్‌లో ఉంటూ, ఆఫీసులో ఫైళ్లు ఈ బల్ల మీంచి ఆ బల్ల మీదికి మార్చే ఉద్యోగం చేసుకుంటున్న నాకు పాత సైకిల్ సామాన్ల పిచ్చి పట్టింది. సైకిళ్ల పిచ్చి కాదండోయ్. సైకిల్ తొక్కడం నాకు ఇప్పటికీ రాదు. సైకిల్‌కి తగిలించేవే నాకు కావాలి. కార్బైడ్‌తో వెలిగే దీపాలు, టైరుకు ఒరుసుకుని తిరిగే డైనమోలు, ముందు మడ్గార్డు మీద నిలబెట్టే ఇత్తడి బొమ్మలు, అన్నిటికన్నా ముఖ్యంగా బెల్లులు. ఫెరార్గంజ్‌లో సైకిళ్లు బాగుచేసే భయ్యా నన్ను దూరం నుంచి చూస్తేనే నెత్తి కొట్టుకునేవాడు.

“దీదీ, ఫిర్ ఆగయా? యే కబాడ్ కా క్యా కరేగా?”

“చెత్త కాదు భయ్యా, యాంటిక్.”

“యాంటిక్ బోలేగా తో దస్ రూపయా జ్యాదా లగేగా.”

ఈ సామాన్లకు విలువ ఎలా కడతారని మీకు సందేహం రావచ్చు. ఇదే పిచ్చి ఉన్న మా ఫోన్ గ్రూపులో చెన్నై నుంచి ఒక రిటైర్డ్ మేష్టారు ఉండేవారు. మాకు ఆయన మాటే తీర్పు. బెల్లయితే దాని గిన్నె మీద ముద్ర అరగకూడదు, లోపలి పళ్ల చక్రం మొదటిదే అయి ఉండాలి, మీట నొక్కితే తడబడకుండా మోగాలి. ఈ మూడూ ఉంటే పదిహేను వేల దాకా పలుకుతుంది. నిగనిగలాడాలని చింతపండు పెట్టి తోమామా, వందకి కూడా అడిగేవాడుండడు. ఈ చివరి సంగతి ఆయన చెప్పేసరికే నేను మూడు దీపాలు తళతళా తోమేసి ఉన్నాను. అందుకే గ్రూపులో నా పరువు అంతంతమాత్రం. ఒక్కటంటే ఒక్క గొప్ప వస్తువు చూపించి, వాళ్ల నోళ్లు మూయించాలని నాకు ఒకటే ఆరాటం.

ఓడలో పనిచేసే మా ఆయన దావీదు వాళ్ల మామ్మ రూతమ్మ తుష్నాబాద్‌లో ఉంటుంది. ఆవిడ భర్త యోహాను తాత చర్చి సంఘంలో ఉపదేశి. సైకిల్ మీద ఇల్లిల్లూ తిరిగి, గుమ్మం ముందు టింగ్ టింగ్ అని రెండుసార్లు బెల్లు కొట్టి ప్రార్థనకు పిలిచేవాడట. ఆయన పోయాక సైకిల్ తుప్పు పట్టిపోయింది గానీ, బెల్లుని మాత్రం సమాధి మీది ఇనుప సిలువకు బిగించారు. మామ్మకు చూపు దాదాపు పోయింది. వెలుగూ నీడా తప్ప ఏమీ తెలియదు. అయినా ప్రతి శనివారం కంచె పట్టుకుని పోకతోట వెనక ఉన్న ఆ సమాధి దగ్గరికి వెళ్లి, రెండుసార్లు బెల్లు కొట్టి, గంటసేపు ఆయనతో కబుర్లు చెప్పి వచ్చేది.

ఆ ఏడు ఈస్టర్ తెల్లవారుజామున అందరం కొవ్వొత్తులు పట్టుకుని అక్కడికి వెళ్లాం. అందరూ కళ్లు మూసుకుని ప్రార్థిస్తున్నారు. నేను ఒక కన్ను తెరిచాను. కొవ్వొత్తి వెలుగులో బెల్లు గిన్నె మీద చక్రం పట్టుకున్న సింహం, దాని కింద ఇంగ్లండ్ అనే అక్షరాలు కనిపించాయి. ఇన్నేళ్లుగా వస్తున్నాను, ఒక్కసారైనా చూశానా?

“కళ్లు మూసుకో” అని గొణిగాడు దావీదు.

“మూసుకునే ఉన్నా.”

“మూసుకున్నదానివి ఫొటో ఎలా తీస్తన్నావ్?”

ఆ ఫొటో చూసి చెన్నై మేష్టారు వెంటనే ఫోన్ చేశారు. “అమ్మా, ఇలాంటిది నా జన్మలో ఒక్కసారే చూశాను. ఎవరి దగ్గరుంది?”

“నా దగ్గరే సార్” అన్నాను. అబద్ధం ఆడేశాక దాన్ని నిజం చెయ్యక తప్పదు కదా!

మే నెలలో ఒక మంగళవారం ఆఫీసుకి సెలవు పెట్టాను. టిఫిన్ డబ్బాలో ఫెరార్గంజ్ భయ్యా దగ్గర కొన్న కొత్త బెల్లు, దావీదు పెట్టెలోంచి తీసిన పానా పెట్టుకుని బస్సెక్కాను. ఉప్పుగాలికి ఆ బెల్లు పాడైపోతోంది, నేను దాన్ని కాపాడుతున్నాను, పైగా ఉత్తినే తీసుకోవడం లేదు, కొత్తది పెడుతున్నాను అని దారి పొడుగునా నాకు నేనే చెప్పుకున్నాను. తుష్నాబాద్ వచ్చేసరికి నేను దాదాపు పుణ్యాత్మురాలినైపోయాను.

మిట్టమధ్యాహ్నం. పోకచెట్లలో గాలి లేదు. ఒక్క పక్షి కూడా కూయడం లేదు. ఊరంతా ఊపిరి బిగబట్టి నన్నే చూస్తున్నట్టుంది. మర తిప్పాను, బెల్లు ఊడి నా చేతిలోకి వచ్చింది. మామూలు ఇనుములా లేదు, ఎవరో ఇప్పటిదాకా చేత్తో పట్టుకుని ఉన్నట్టు వెచ్చగా ఉంది. ఎండకి వేడెక్కిందిలే అనుకున్నాను. కొత్తది బిగించి, పాతదాన్ని అరచేతిలో పెట్టుకుని చూస్తున్నానా, మీట మీద వేలైనా వెయ్యలేదు.

టింగ్ టింగ్.

ఆ తర్వాత నేను రోడ్డు మీదికి ఎలా వచ్చానో నాకు తెలియదు. పానా అక్కడే పడిపోయిందని ఇంటికొచ్చాక గానీ గుర్తు రాలేదు. తిరిగి వెళ్లి తెచ్చుకునే ధైర్యం నాకెక్కడిది?

బెల్లుని అద్దాల బీరువాలో పెట్టాను. కబాడీ కొట్లో దొరికిందంటే దావీదు నమ్మాడు. గురువారం నేను ఆఫీసు నుంచి పెందలాడే వచ్చాను. సాయంత్రం నాలుగింటికి మేమిద్దరం టీ తాగుతుంటే బీరువాలో టింగ్ టింగ్ అంది. నా టీ నా చీర మీద పడింది.

“క్యా హువా? భూకంపం అయ్యుంటాది” అన్నాడు దావీదు తాపీగా. నిజమే, ఈ దీవుల్లో చిన్నచిన్న భూకంపాలు మాకు చుట్టాల్లాంటివే, చెప్పకుండా వచ్చి పోతుంటాయి.

“భూకంపమైతే గ్లాసులు కదలవా?”

“చిన్నది, చోటా వాలా.”

యోహాను తాత రోజూ సైకిల్ తీసి బయల్దేరేది నాలుగింటికేనని ఆ మనిషికి గుర్తు చెయ్యలేదు. నాకు మాత్రం ఆ రాత్రి అన్నం సయించలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక మామ్మ ఫోన్ చేసింది.

“అమ్మాయ్ సారా, నిన్న మీ తాత దగ్గరికెల్లానే. ఆయన గొంతు మారిపోనాది.”

“బెల్లుకి తుప్పు పట్టుంటుంది మామ్మా” అన్నాను. నా గొంతు కూడా మారిపోయింది.

“తుప్పు కాదు. యాబై ఏళ్లు ఇన్న సప్పుడు నాకు తెలీదేటి? అది ఆయన కాదు. ఆ గోతిలోకి ఇంకెవరో వొచ్చి తొంగున్నారు.”

“అదేంటి మామ్మా, అలా ఎలా వస్తారు?”

“ఏమో! నేను పోయాక మాత్రం నన్ను ఆ పక్కని పెట్టకండి. ముక్కూ మొహం తెలీనోడి పక్కని నేను తొంగోను. మీ మాయ్యకి కూడా సెప్పీశాను.”

మీకు నవ్వొస్తోందా? నాకు ఆ రోజు ఏడుపొచ్చింది. తాత పక్కన తన కోసం విడిచిపెట్టిన ఆరడుగుల చోటుని చూసుకుని ధైర్యంగా బతుకుతున్న మనిషి ఆవిడ. ఒక్క బెల్లు కోసం నేను ఆ చోటు లేకుండా చేశాను. ఆ వారమంతా మామ్మ సరిగ్గా తినలేదని మా మావగారు ఫోన్ మీద ఫోన్. సంఘం పెద్దలు వచ్చి ప్రార్థన చేశారట. ఆఖరికి ఆయన “ఒకసారి తవ్వి చూపించేస్తే ఆవిడ మనసు కుదుటపడుతుందేమో” అనేశారు. నేను పదిహేను వేల కోసం, గ్రూపులో గొప్ప కోసం, ఒక ముసలాయన్ని మట్టిలోంచి లేపబోతున్నాను.

శనివారం మధ్యాహ్నం మామ్మ కన్నా ముందే వెళ్లి బెల్లు మార్చేద్దామని బయల్దేరాను. బెల్లుని తువ్వాల్లో చుట్టి బ్యాగులో పెట్టుకున్నాను. తుష్నాబాద్‌లో బస్సు దిగేసరికి మబ్బు కమ్మి చీకటి పడినట్టయింది. వాన మొదలైంది. పోకతోటలోకి అడుగు పెట్టానో లేదో, ముందు నుంచి, ఆ వాన చప్పుడులోంచి వినిపించింది.

టింగ్ టింగ్.

కొత్త బెల్లు చప్పుడు కాదది. కొత్తది కీచుగా మోగుతుంది. ఇది నా బీరువాలో మోగిన గొంతే. ఆ బెల్లు మాత్రం నా బ్యాగులో, తువ్వాల్లో ఉంది.

వెనక్కి పరుగెత్తబోతూ ఒక చెట్టు చాటుకి నక్కాను. చెట్ల సందులోంచి చూస్తే, సమాధి పక్కన నల్ల గొడుగు కింద మామ్మ కూర్చుని ఉంది. ఆవిడ నాకన్నా ముందే వచ్చేసింది. నా కాలి కింద ఎండు పోకమట్ట చిటుక్కుమంది.

“ఎవరది?” అంది మామ్మ.

నేను బ్యాగుని గట్టిగా గుండెకి అదుముకున్నాను. లోపల మీట నొక్కుకుపోయింది. టింగ్.

మామ్మ మొహం ఒక్కసారిగా వెలిగిపోయింది. “వొచ్చారేటండీ?”

ఏం చెయ్యమంటారు? రెండోసారి కూడా కొట్టాను. టింగ్.

“ఇన్నాళ్లు ఎక్కడికెల్లిపోనారు? నామీద కోపమొచ్చిందేటి?”

కోపం లేదని చెప్పడానికి ఎన్నిసార్లు కొట్టాలో ఎవరికి తెలుసు? మెత్తగా ఒక్కసారి కొట్టాను.

“మీ పక్కని నా చోటు అలాగే ఉందా?”

గబగబా రెండు.

“మన మనవడి పెళ్లాం సారా ఉందే, అది మంచిదేనా? దాని బుర్రకి ఏదో పట్టింది, పాత సామాన్లు పోగేస్తాది.”

దీనికి మాత్రం నేను ఆగకుండా నాలుగుసార్లు కొట్టాను. మనిషన్నాక ఆ మాత్రం స్వార్థం ఉంటుంది.

మామ్మ ఒళ్లోంచి ఏదో తీసి నా వైపు చాపింది.

“ఇదిగో పానా. ఇలాగొచ్చి బిగించు.”

దావీదు తన పనిముట్లన్నిటికీ, ఓడలో తడిచేతుల్లోంచి జారిపోకుండా, పిడికి టేపు చుట్టుకుంటాడు. ఆ టేపు తడిమి, ఆ ఇంట్లో పాత సామాన్ల పిచ్చి ఎవరిదో గుర్తు చేసుకున్న రోజే ఆవిడకి దొంగెవరో తెలిసిపోయిందట. “ఎవరికీ సెప్పలేదు. నీ అంతట నువ్వే ఎప్పుడొస్తావో చూద్దామనుకున్నాను. గోతిలో ఎవరో ఉన్నారంటేగానీ వొస్తావా నువ్వు?”

నేను ఆవిడ కాళ్ల దగ్గర బురదలో కూలబడి ఏడ్చాను. ఏడుస్తూనే అడిగాను, “మరి నేను కొడుతుంటే తాతే అనుకున్నారుగా మామ్మా? మొహం అంతలా వెలిగిపోయిందే!”

“ఆ సప్పుడు ఇన్నాక ఒక్క నిమిషం అనుకున్నానే” అంది. “కానీ బతికున్నన్నాళ్లూ నేనడిగిందానికి ఆ మనిషి ఒక్కపాలైనా ఎంటనే జవాబు సెప్పాడా? అడగ్గానే టింగుమంటా ఉంటే, ఆయనేనని నేను నమ్మీడానికి పాగల్‌నేటి?”

బెల్లు బిగించాను. మామ్మ చెయ్యి పట్టుకుని కంచె వెంట నడిపిస్తూ, ధైర్యం వచ్చింది కదా అని అడిగాను. “నేను తోటలోకి వస్తుంటే కొట్టారే, ఆ కొత్త బెల్లు అంత తియ్యగా ఎలా మోగింది మామ్మా?”

మామ్మ ఆగింది. “నేనెక్కడ కొట్టాను? రెండు చేతులూ గొడుక్కే సరిపోనాయి. అదీ నువ్వే కొట్టావనుకున్నాను.”

కళ్లు కనపడని మామ్మ, కనపడే నన్ను ఈడ్చుకుంటూ ఇంటికి నడిచింది.

చెన్నై మేష్టారికి ఆ బెల్లు అమ్మకానికి లేదని రాసి, గ్రూపులోంచి బయటికి వచ్చేశాను. సంఘం పెద్దల ఎదుట చెప్పలేని మాటని మీ ఎదుట ప్రమాణంగా చెబుతున్నాను. ఇకమీదట ప్రార్థనలో రెండు కళ్లూ మూసుకుంటాను. ఇంకొకరి ఇంటి వస్తువుకి నా బీరువాలో చోటు వెతకను. ఎవరి సమాధి దగ్గరా ఎవరి తరఫునా బెల్లు కొట్టను. మరి ఆ వానలో మోగించింది ఎవరంటారా? అడగ్గానే జవాబు చెప్పకూడదని ఆ రోజే నేర్చుకున్నాను.