కొండ మంట దిగిన రోజు

ఎనభైల మధ్యలో, నా పెళ్లయిన రెండో వేసవిలో జరిగిన సంగతి ఇది. మా అత్తగారి ఊరు వినుకొండ వైపు. ఊరి వెనక చిన్న కొండ, దాని మొదట్లో మా చేను. చేను చివర మిర్చి కళ్లం, ఏడాది పంటంతా ఎర్రగా ఎండుతోంది. కొండకూ కళ్లానికీ మధ్య మామగారు పెంచిన వేపచెట్లు, వాటి సరసన అత్తయ్య బిందెలతో నీళ్లు మోసి బతికించిన మామిడి. అది మొదటిసారి పిందె వేసింది.

ఆ మధ్యాహ్నం అత్తయ్యా, నేనూ కళ్లంలో రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నాం. పొగ వాసన వచ్చింది. కొండకు అవతల ఎవరో పత్తికట్టె తగలబెడితే, గాలికి మంట కొండమీది ఎండుగడ్డికి అంటుకుంది. మేం తలెత్తేసరికే శిఖరం దాటి ఇటువైపు దిగుతోంది.

మామగారు కేకేశారు. "ఒరేయ్, గుంటక కట్టరా! చెట్లకు ఇవతల గడ్డి గీకెయ్! మట్టి తేలితే మంట ఆగుద్ది."

"అవతల గీకించండి! నా మామిడి కాలిపోద్ది!" అంది అత్తయ్య.

"అక్కడిదాకా పోయే టైము లేదు. చెట్లు పోతే పోయాయి, మిరపకాయ దక్కాలి."

మా ఆయన గడ్డి గీకే గుంటకను ఎడ్లకు కట్టారు గానీ, అవి మంటను చూసి వెనక్కి గుంజుకుంటున్నాయి. నేను వెళ్లి ముకుతాళ్లు పట్టుకుని ముందు నడిచాను. కాళ్ల కింద నేల కాలుతోంది. వాటి కళ్లలో మంట కనబడుతోంది. కళ్లంలో పనిచేసే ఆడవాళ్లు ఒకపక్క కాయను గోనెల్లోకి ఎత్తుతూ, ఇంకోపక్క పచ్చికొమ్మలతో నిప్పురవ్వల్ని బాదుతున్నారు. ఒక రవ్వ రాశి అంచున పడింది. మిరప ఘాటు గొంతులోకి దిగి అందరం తెరలు తెరలుగా దగ్గాం. మామగారు తలపాగా తడిపి దాని మీద పడేశారు.

ఆ దగ్గులోనే చూశాను, అత్తయ్య లేదు. గీకిన మట్టి దాటి మామిడి మొదట్లో నీళ్లు కుమ్మరిస్తోంది. పరుగెత్తి నడుం పట్టుకుని లాగాను. "వదలవే!" అని నా చెయ్యి గీరింది. మేం ఇవతలికి వచ్చామో లేదో, వెనక చెట్లు భగ్గుమన్నాయి.

మంట మట్టిగీత దగ్గర ఆగిపోయింది. కాయ దక్కింది. అత్తయ్య మామగారితో మాట్లాడటం మానేసింది.

ఆయన చెట్లు కొట్టించి పొయ్యికి వేద్దామన్నారు. అత్తయ్య నన్ను వెంటబెట్టుకుని వెళ్లి, కొడవలితో ప్రతి చెట్టునూ గీకి చూసింది. నల్లటి బెరడు కింద వేపలన్నీ పచ్చగా, తడిగా ఉన్నాయి. మామిడిని గీకితే గోధుమరంగు పొడి రాలింది. ఇంకో చోట గీకింది. ఇంకా పైన గీకింది.

"వానలు పడనీ అమ్మాయ్, చూద్దాం," అంది.

తొలకరి రాకముందే వేపల మోడుల నిండా ఎర్రటి చిగుళ్లు పొడుచుకొచ్చాయి. కొండమీద తునికి, మోదుగ వేళ్లనుంచే గుబురుగా లేచాయి. మామిడి లేవలేదు.

శ్రావణంలో మామగారు గొడ్డలి తీసుకుని తనే వెళ్లి దాన్ని కొట్టారు. ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడి, "అక్కడ ఏం పెట్టమంటావే?" అనడిగారు.

అత్తయ్య లేచి కుండలో చెంబు ముంచింది. "వేపే పెట్టండి. మళ్లీ మామిడిని నేను చూసుకోలేను," అని, ఆయనకు మంచినీళ్లు ఇచ్చింది.