పెరటి గుమ్మం

మెహబూబ్ బీకి కొద్దిరోజులుగా కడుపు మండిపోతోంది. పూర్ణా మార్కెట్ వెనక సందులో ఆవిడ ఎదురిల్లు వరహాలమ్మది. ఆర్కిటెక్చర్ కాలేజీ పిల్లలు టేపులు, కెమెరాలు పట్టుకొచ్చి, పాత ఇళ్ల మీద పుస్తకం వేస్తున్నామంటూ ఆ ఇంట్లోనే తిష్ట వేశారు. అరుగు కొలుస్తారు, గానుగ సున్నం గోడల్ని మురిపెంగా నిమురుతారు. వరహాలమ్మ ఒకటే టీలు కాచి పోస్తోంది. ఆ వయ్యారం చూడాలి!

మెహబూబ్ బీ ఇల్లూ ఆ కాలం నాటిదే. కాకపోతే కొడుకు షహబాజ్‌కు మల్కాపురంలో ఉద్యోగం వచ్చిన ఏడాది, పట్టుబట్టి అరుగు కొట్టించి, ముందుగోడ నిండా మెరిసే టైల్స్ వేయించింది. సందులో వాళ్లంతా చూసి కుళ్లుకోవాలనే వేయించింది. కుళ్లుకున్నారు కూడా. ఇప్పుడా కాలేజీ పిల్లలు ఆ టైల్స్‌లో ముఖం చూసుకుని, జుట్టు సర్దుకుని, ఎదురింట్లోకి పోతున్నారు.

ఓ పొద్దున ఇక ఉండబట్టలేక మధులత అనే అమ్మాయిని ఆపింది.

"ఏటమ్మా, మాది ఇల్లు కాదా? టైల్స్ ఎనకాల మాదీ సున్నం గోడే."

"తెలుసండీ. కానీ పైకి పాతదేదీ మిగల్లేదు కదా, ఏం గీయమంటారు?"

ఆ పిల్ల మెత్తగానే అంది. దాంతో మరీ మండింది.

"ఆళ్లింట్లో మాత్రం ఏటుందని?"

"రండి, చూపిస్తాను. పుస్తకం అట్ట మీదికి దాన్నే అనుకుంటున్నాం."

మెహబూబ్ బీ ఆ ఇంటి వరండా దాటి లోపలికి వెళ్లి ఏళ్లయింది. పెరటి గుమ్మానికి టేకు తలుపు, దాని నిండా చెక్కిన ద్రాక్ష గుత్తులు. కింది మూల నల్లగా కాలిన మచ్చ. కొత్త కోడలిగా తను సాంబ్రాణి నిప్పులు పెట్టి మరిచిపోయిన చోటు. ఆ రోజు అత్తగారు తిట్టిన తిట్లు ఇంకా చెవుల్లోనే ఉన్నాయి.

"ఇది నా తలుపు!"

వరహాలమ్మ టీ గ్లాసుతో ఆగిపోయింది.

"నీదే బీబమ్మా. కొత్త తలుపు ఎట్టించినప్పుడు నువ్వే కదా, పొయ్యిలో ఎట్టుకోమని ఇచ్చేసినావు. నాకు మనసొప్పలేదు."

ఇన్ని రోజులూ మెహబూబ్ బీ ఏడ్చింది తన సొంత తలుపు మీదేనా? తిరిగి అడగడానికి మొహం చెల్లలేదు. ఇచ్చినా, ఆ టైల్స్ గోడలో ఎక్కడ పెడుతుంది?

"బొమ్మ కింద ఎవరి పేరు రాత్తారు?" చివరికి అడిగింది.

"వరహాలమ్మగారి ఇల్లు అని రాస్తామండీ. కాస్త ఈ టేపు కొస పట్టుకుంటారా?"

మెహబూబ్ బీ గుమ్మం దగ్గర చతికిలబడి కొస పట్టుకుంది. రెండో చేతి వేలు నల్లమచ్చ మీద పెట్టింది.

"దీన్ని కూడా గియ్యమ్మా. ఇది మాత్రం నాదే."