దీవి కోసం కొట్టిన మేకు

వీధంతా దర్జీ వదిన అని పిలిచే ఆవిడ రోజూ పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకుని, కుట్టుమిషను పక్కనున్న, దూరదేశాలవాళ్ళతో మాట్లాడే హామ్ రేడియో ముందు కూర్చునేది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని ముందు వినేది. మాట్లాడే మీట జోలికి అప్పుడే పోయేది కాదు. మాట్లాడుకుంటున్నవాళ్ళ మధ్య దూరడమంటే, తలుపు కొట్టకుండా ఒకరింట్లోకి పోవడమేనని ఆవిడ నమ్మకం.

దూరదేశంతో మాట కలిసినప్పుడల్లా అక్కణ్ణించి గుర్తుగా ఒక కార్డు వచ్చేది. గోడనిండా మేకులకు ఆ కార్డులే. ఒక్క మేకుకు మాత్రం కార్డు లేదు. అది నడిసముద్రంలో మనుషులుండని ఓ దీవి కోసం పెళ్ళైన కొత్తలో కొట్టింది. అక్కడికి రేడియోవాళ్ళు ఎప్పుడో గాని వెళ్ళరు. "దీవి వచ్చేదాకా అద్దెకుంటుందిలే" అంటూ భర్త దానికి తన టోపీ తగిలించేవాడు.

ఇన్నేళ్ళకు ఒక జట్టు ఆ దీవికి వెళ్ళింది. ఆ పూటతో సరి, మధ్యాహ్నం పడవెక్కేస్తారు. వాళ్ళు ఒక ఫ్రీక్వెన్సీలో మాట్లాడి, దానికి కాస్త పై ఫ్రీక్వెన్సీలో వింటారు. పిలిచేవాళ్ళంతా ఆ పైనే పిలవాలి. లేకపోతే దీవి గొంతు ఎవరికీ వినబడదు.

వదిన తన కాల్‌సైన్, అంటే లైసెన్సుతో వచ్చిన రేడియో పేరు, చెప్పి పిలుస్తూ ఉండగానే దీవి గొంతు మీద ఇంకో గొంతు వచ్చి పడింది. అయ్యో, పక్కవీధి సైకిల్ షాపు కుర్రాడు, వరసకు మరిది! లైసెన్సు వచ్చిన సంబరంలో, పిలుపును పైకి మార్చే మీట నొక్కడం మరిచాడు. "ఎవడ్రా వాడు?" "పైకి పోవయ్యా!" అంటూ తిట్టేవాళ్ళూ అక్కడే అరవడంతో దీవి కాస్తా మునిగిపోయింది.

వదిన తిట్టలేదు. ఫోన్ చేసింది, హెడ్‌ఫోన్లతో చెవులు మూసుకుని కూర్చున్న మరిదికి ఏం వినబడుతుంది? తను లేచి వెళ్తే దీవి చేజారిపోవచ్చు. మేకు వంక ఒకసారి చూసి, చెప్పులేసుకుని పరుగెత్తింది.

"చూడు వదినా, ఎవణ్ణో తెగ తిడుతున్నారు పాపం!" అన్నాడు మరిది.

"నిన్నే నాయనా. ముందు ఆ మీట నొక్కు."

మరిది మొహం చిన్నబోయింది. "ఛ! రేడియో కట్టేస్తాను వదినా."

"కట్టెయ్యడమెందుకు? నీ కాల్‌సైన్ ఒక్కసారి చెప్పి ఆగు. నిన్ను పిలిస్తేనే బదులివ్వు."

కాసేపటికి దీవి మరిదినే పిలిచింది. వాడు బదులిచ్చి, గంతేసి, "పో వదినా, పరుగెత్తు!" అని ఆవిణ్ణి గుమ్మం దాటించాడు.

ఆయాసపడుతూ వచ్చి కూర్చున్నా, వదిన ముందు వింది. దీవి ఎవరితోనో మాట్లాడుతోంది. ఆగింది. ఆ మాట అయ్యాక అందరూ ఒక్కసారే మీదపడ్డారు. వాళ్ళు ఊపిరి తీసుకునే సందులో తన కాల్‌సైన్ నిదానంగా చెప్పింది.

అదే కాల్‌సైన్ దీవి నుంచి తిరిగొచ్చింది, అక్షరం పొల్లుపోకుండా!

రెండు ముక్కల్లో కృతజ్ఞత చెప్పి, వెనకవాళ్ళకు దారిచ్చి తప్పుకుంది. ఆ తర్వాత వేసిన కేకకు భర్త వంటింట్లోంచి గరిటెతో సహా పరుగెత్తుకొచ్చాడు.

"ఏమైందే?"

"ఏమండీ, నాకో సాయం చేసిపెట్టాలి."

"చెప్పు."

వదిన కళ్ళు తుడుచుకుంటూ గోడవైపు చూపించింది. "మీ టోపీని ఇల్లు ఖాళీ చేయిస్తారా?"