రెండు నోటుపుస్తకాలు

నిజాం రోజుల్లో భక్తిపాటలు సేకరిద్దామని బెజవాడ నుంచి పీర్ల పండుగకు శాలిబండ వెళ్ళాను. పద్ధతైన మనిషిని కనుక రెండు నోటుపుస్తకాలు పట్టుకెళ్ళాను. ఒకటి హిందువుల పాటలకు, ఇంకొకటి ముస్లింల పాటలకు.

పీర్ల చావిడి ముందు పాలమ్ముకునే మల్లయ్య, నుదుట ఇంత బొట్టుతో, యుద్ధంలో ప్రాణాలిచ్చిన ఇమాం హుస్సేను మీద శోకం పాడి కళ్ళు తుడుచుకున్నాడు. వెంటనే పక్కనున్న ముసలి ఫకీరు సీతమ్మ శోకం ఎత్తుకున్నాడు. నా పెన్సిలు గాల్లోనే ఆగిపోయింది.

"ఇంతకీ ఏది ఎవరి పాటయ్యా?" అని గద్దించాను.

"ఏడ్సెటోళ్ళది, బాపూ," అన్నాడు మల్లయ్య, ఊదు పళ్ళెంలో నిప్పులు ఎగదోస్తూ. "గా బుక్కొకటి ఇటియ్యి, నిప్పులు ఆరిపోతున్నయి. జెర విసురుకుంట."

చదువుకున్నవాణ్ణి కదా, ఆలోచనలో పడ్డాను. "ఏది ఇవ్వమంటావు?"

"ఏదైతేంది? రెండూ ఖాళీయే గద!"