తడి ఆరని లప్పం

పోయిన వారం మా ఇంటి కిటికీ అద్దాలు మార్చడానికి వడ్రంగి వచ్చాడు. సుద్దపొడిలో అవిసె నూనె పోసి లప్పం కలుపుతుంటే ఆ ఘాటు వాసన వంటింటి దాకా వచ్చింది. పొయ్యి మీద పాల సంగతి మరిచిపోయి వరండాలోకి వెళ్లి నిలబడ్డాను. ఆ వాసనకు నాలో మొదట లేచింది కోపం. ఆ వెనకే డాక్టర్ ఓబుళమ్మ గారు గుర్తొచ్చారు. ఆవిడ నా చేత చేయించిన మంచి పనులు చాలా ఉన్నాయి. చేయించిన ప్రతిసారీ నా ప్రాణం తోడేశారు కూడా.

పందొమ్మిది వందల యాభైలలో కర్నూలులో ఆవిడ నడిపే కాన్పుల ఆసుపత్రిలో నేను నర్సును. మద్రాసులో వైద్యం చదివి వచ్చినా పుట్టినూరు కమలాపురం మాట ఆవిడ నాలుకను వదల్లేదు. కాన్పు కష్టమైన ఆడవాళ్లను పల్లెల నుంచి ఎద్దులబండ్లలో తెచ్చేవాళ్లు. కొందరు మా గుమ్మం దాకా రాకుండానే పోయేవాళ్లు. ఆ బాధ పడలేక ఆవిడ ఒక పాత కారు కొన్నారు. అది యుద్ధానికి ముందటి బండి. ఆత్మకూరు వైపు ఒక రైతు దాన్ని గడ్డివామి పక్కన వదిలేస్తే లోపల కోళ్లు గుడ్లు పెట్టుకుంటున్నాయి. మస్తాన్ అనే మెకానిక్ దాని ఇంజనును బతికించాడు. తుప్పు తిన్న అడుగుభాగం కోసేసి కొత్త రేకులు అతికాడు. ఆవిడే స్వయంగా తోలేవారు. మొదటి ప్రయాణంలోనే కారు లోపం బయటపడింది. రేకుల అతుకుల్లోంచి దుమ్ము పొగలా లేచి, మరగబెట్టి మూటగట్టుకున్న గుడ్డలు ఎర్రబారాయి. వంక దాటుతుంటే నీళ్లు లోపలికి చిమ్మి దూది పెట్టె నానిపోయింది.

"తారు పూసేద్దామమ్మా, ఒక్క పూటలో అయిపోతాది" అన్నాడు మస్తాన్.

"మన ఎండకు తారు నిలుస్తాదా? కరిగి రోడ్డు మీద పడతాది" అన్నారు ఆవిడ. లప్పంతో అతుకులన్నీ మనమే మూద్దాం అన్నారు. మనమే అంటే ఆవిడా, నేనూ. మస్తాన్‌కు అప్పజెప్పమని బతిమాలితే, "ఆయప్పకు తొందరెక్కువ" అన్నారు.

కారును ఆసుపత్రి పెరట్లో నిలబెట్టి సీట్లు పీకించారు. ప్రతి అతుకునూ తీగ బ్రష్షుతో రుద్ది, సీమనూనె గుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, ఆ తర్వాతే లప్పం పెట్టాలి. పైపైన పూస్తే ఒప్పుకునేవారు కాదు. సందు లోపలికి దిగేదాకా బొటనవేలితో నెట్టాలి. జొన్నరొట్టె పిండిలా లప్పాన్ని పిసికే పని నాది. కాస్త గట్టిగా కలిపితే ఎండి పగులుతుందనేవారు, పలచగా కలిపితే జారిపోతుందనేవారు. గట్టిపడడానికి అందులో ఎర్ర సింధూరం వేసేవాళ్లం. అది సీసంతో చేసింది, విషం కాబట్టి, సబ్బుతో రెండుసార్లు చేతులు కడగనిదే గుక్కెడు మంచినీళ్లు కూడా తాగనిచ్చేవారు కాదు. కర్నూలు ఎండలో నోరెండుకుపోతూ గోళ్ల సందులు తోముకుంటుంటే, నర్సు చదువు చదివింది ఇందుకా అని ఏడుపొచ్చేది. పురుళ్లు లేని మధ్యాహ్నాలన్నీ ఆ కారు అడుగునే వెల్లకిలా గడిచిపోయాయి.

ఒకరోజు ఎడమ పక్కంతా పూర్తి చేసి, నడుము పట్టుకుని బయటికి వచ్చాను. ఆవిడ వంగి, ఒకచోట గోటితో లప్పం లేపి చూశారు.

"రత్నమ్మా, దీని కింద తుప్పుండాది."

"రవ్వంత ఉంటే ఏమవుతాదమ్మా? పైన కప్పేసినాం గదా."

"లోపల చీము పెట్టుకుని పైన కుట్టేస్తే పుండు మానుతాదా?"

"ఇది కారమ్మా, పుండు గాదు."

"అదేలే" అని, లప్పం తీసే గరిట తిప్పి పట్టుకుని దాని కాడతో పొద్దుటి నుంచి నేను నింపిన అతుకంతా గీరి పడేశారు. అంటే కోప్పడ్డారని కాదు. కోప్పడితే నేనూ ఎదురు మాట్లాడి కడుపుమంట తీర్చుకునేదాన్ని. ఆవిడ మెల్లగా, శ్రద్ధగా, వేరుసెనక్కాయ ఒలిచినట్టు నా పనంతా ఒలిచేశారు. ఆ సాయంత్రం ఉద్యోగం మానేసి కడపకు, మా అమ్మ దగ్గరికి పోదామనుకున్నాను. మర్నాడు మళ్లీ లప్పం పిసికాను.

అట్లా ఒకటికి రెండుసార్లు చేసి చివరికి అతుకులన్నీ నింపేశాం. కొన్నాళ్లు కదిలించకుండా ఆరనిస్తే చాలు. ఆ మర్నాడే, ఎండ నడినెత్తిన ఉండగా, ఒకతను సైకిలు మీద వచ్చి గేటు దగ్గర కూలబడ్డాడు.

"అమ్మా, మా చెల్లెలికి నొప్పులొచ్చి రెండు దినాలాయె. బిడ్డ అడ్డం తిరిగిందంట. శానా కష్టంగా ఉండాది."

ఊరి పేరు అడిగితే, పోయిన నెల మేము నీళ్లలో దాటిన వంకకు అవతలి పల్లె.

"బండి కట్టించమంటారా?" అన్నాను.

"బండిలో పోయి బండిలో వచ్చేసరికి ఆ పిల్ల ఉంటాదా? కారు తీస్తాండా. గోనెసంచులు పరచు."

"సీట్లు లేవమ్మా. లప్పం తడి ఆరలేదు."

"సంచులు పరచమన్నానా లేదా?"

తను కూర్చోవడానికి ఒక పీట వేయించుకుని, చెప్పుల కాలు నేరుగా పచ్చి అతుకు మీద పెట్టి ఎక్కారు. గోటికి తగిలిన తుప్పు కోసం ఒక పక్కంతా గీకేసిన మనిషి, ఇప్పుడు మొత్తం పనిని తొక్కుతూ కిందికి చూడను కూడా చూడలేదు. పల్లె నుంచి వచ్చేటప్పుడు ఆ పిల్లను వాళ్లింటి పరుపు మీద పడుకోబెట్టాం. వాళ్లన్న కాళ్లు పట్టుకున్నాడు, నేను తల పట్టుకున్నాను. ప్రతి కుదుపుకూ నా మోకాళ్లు లప్పంలోకి దిగబడ్డాయి. అతుకు ఊడినచోటల్లా దుమ్ము లేస్తుంటే, తడిపిన దుప్పటి ఆమె మొహం మీద గుడారంలా ఎత్తి పట్టుకున్నాను. పొద్దు వాలకముందే ఆపరేషన్ అయింది. తల్లి దక్కింది. బిడ్డను తలకిందులుగా పట్టుకుని వీపు నిమిరి, నిమిరి, ఇక లేదనుకుంటుండగా సన్నగా ఏడ్చింది.

మర్నాడు కారు తలుపు తీసి చూశాను. సంచులు లప్పానికి అతుక్కుపోయాయి. నెత్తురు, మట్టి, గోనెపీచు కలిసి అడుగంతా ముద్దయింది. ఆవిడ అప్పటికే కొంగు బిగించి ఒక మూల గీకుతున్నారు. నాకోసం ఇంకో తీగ బ్రష్షు పక్కన పెట్టి ఉంది.

"రా. మొదట్నుంచి" అన్నారు.

నేను ఆగలేకపోయాను. "నిన్న అట్ల తొక్కేదానికి, ఇన్నాళ్లూ నా ప్రాణం ఎందుకు తీసినారమ్మా?"

ఆవిడ గీకడం ఆపలేదు. "నిన్న అవసరం పడింది, తొక్కినాం. ఈ పొద్దు పడలేదు, చేస్తాం" అన్నారు, అదేదో ఎవరికైనా తెలిసిన సంగతే అన్నట్టు.

ఆ జవాబుకు నాకు ఇంకా మండింది. కానీ బ్రష్షు తీసుకున్నాను. మళ్లీ అదే పిసకడం, అదే తోముకోవడం. ఆ వానాకాలం వంక పొంగినప్పుడు, లోపల ఒక నిండు చూలాలితో, కారు తలుపు కింది మెట్టు దాకా నీళ్లలో దాటాం. గట్టెక్కాక ఆవిడ కారు ఆపి, వెనక్కి వంగి, అడుగు రేకును అరచేత్తో తడిమారు. "పొడిగా ఉండాది" అన్నారు. అన్నేళ్లలో ఆవిడ నోటి వెంట నేను విన్న మెప్పు అదొక్కటే. అదైనా నన్ను కాదు, రేకును మెచ్చుకున్నారేమో.

తర్వాత నేనే పెద్ద నర్సునయ్యాను. శుభ్రం చాలలేదని మరగబెట్టిన సామాను మళ్లీ మరగబెట్టించాను, కట్టిన కట్లు విప్పించాను. ఆడపిల్లలు నా వెనక ఏమనుకునేవారో నాకు బాగా తెలుసు, నేనూ అవే మాటలు అనుకున్నదాన్ని కాబట్టి. అయితే ప్రాణం మీదికి వచ్చినప్పుడు మాత్రం, సర్దిన గదిని చిందరవందర చేయడానికి నా చెయ్యి వెనకాడలేదు. చేసిందంతా పాడై కళ్ల ముందు పడి ఉన్నప్పుడు ఇప్పటికీ ముందు తిట్టుకుంటాను, ఓబుళమ్మ గారినే, పేరు పెట్టి. తిట్టడం అయ్యాక, మొదట్నుంచి మొదలుపెడతాను.