భాగమ్మ పండ్ల నడుమ సుట్టబట్ట

1957 ఎండాకాలం. తాండూరు నాపరాళ్ల గనుల్లో దెబ్బ తగిలితే అందరూ చేసే పనే భాగమ్మ కూడా చేసింది. చిట్లిన బొటనవేలికి రాతిపిండి అద్ది, పీలిక చుట్టి, మళ్లీ బండ ఎత్తుకుంది. నెత్తురైతే ఆగింది. నాలుగో రోజుకు వేలు వంకాయలా ఉబ్బి, మణికట్టు దాటి ఒక ఎర్రగీత పైకి పాకసాగింది.

తోటి కూలి నాగవ్వ ఆమెను దవాఖానాకు లాక్కొచ్చింది. డాక్టరు పొద్దుటి రైలుకే వికారాబాద్ వెళ్లాడు, రేపటికి గాని రాడు. ఉన్నది కాంపౌండర్ మత్తయ్య ఒక్కడే, పటాలంతో బర్మా దాకా పోయి వచ్చిన మనిషి.

పీలిక విప్పి చూసి, "గోడకు సున్నమేసినట్టు గీ రాయిపిండి ఏందమ్మా?" అన్నాడు.

"అందరు పెడ్తరు సాబ్."

"రేపటిదాంక ఆగితే చెయ్యి పోతది. ఇప్పుడే కోసి పిండంత గీకాలె. మొద్దుబార్చే సూదిమందు అయిపోయింది మల్ల."

ఉలి పట్టేదీ, బండ ఎత్తేదీ ఆ చెయ్యే. "కొయ్యి" అంది భాగమ్మ. కత్తిని మంట మీద పెట్టగానే మాత్రం చెయ్యి వెనక్కి లాక్కుంది.

"కదిలితే నరం తెగుతది తల్లీ! తూటా కొరుకుమని దొరల భాషల ఒక మాటుంది."

"తూటానా? పానం పోదా?" నాగవ్వ ఆగలేకపోయింది.

"పేల్చేది గాదవ్వా, కొరికేది. ఎనకట యుద్ధాలల్ల మత్తుమందు లేకుంటె, కాలు కోసేటప్పుడు సిపాయి పండ్ల నడుమ సీసపు తూటా పెడ్తుండెనట. నాలిక కరుసుకోకుండ. తప్పని బాధను ఓర్చుకొమ్మనేటందుకు ఇప్పటికీ గదే మాటంటరు."

"నీ తాన ఉన్నదా మరి?" అంది నాగవ్వ.

"మందుకే దిక్కు లేదు, తూటా యాడిది?"

భాగమ్మ చెయ్యి మళ్లీ ముందుకు చాపింది. బండ నెత్తిన ఉన్నంతసేపు నోరు తెరవకూడదని గనిలో కట్టడి. ఊపిరి జారితే అడుగు జారుతుంది, వెనక ఎక్కేవాళ్ల మీద బండ పడుతుంది. బండ కింద పెట్టుకునే సుట్టబట్ట ఆమె భుజం మీదే ఉంది. దాన్ని మడిచి పండ్ల నడుమ బిగించి, కళ్లతోనే కానిమ్మంది.

కత్తి దిగింది. ముందు చీము, దాని వెనక బూడిదరంగు పిండి. నాగవ్వ మొహం తిప్పుకుంది. భాగమ్మ మనసులో గని ఎక్కుతోంది. గుంతలోంచి గట్టు దాకా నలభై అడుగులు. ముప్పై ఆరో అడుగు దగ్గర మత్తయ్య "అయిపోయింది" అన్నాడు.

ఆమె నోరు తెరవలేదు.

"ఓ భాగీ, మాట్లాడవే!" నాగవ్వ కుదిపింది.

మిగిలిన నాలుగూ ఎక్కాక భాగమ్మ గుడ్డ తీసింది. "జర ఆగరాదే. బండ దించనియ్యి."

తెల్లారేసరికి ఎర్రగీత వెనక్కి తగ్గింది. వేలు వంకరగానే మానింది, ఉలి మాత్రం పట్టింది. ఆ తర్వాత గనిలో ఎవరు దెబ్బకు రాతిపిండి అద్దబోయినా, భాగమ్మ ఆ వంకర వేలు వాళ్ల ముందు ఆడించేది.

"పెట్టు బిడ్డా, పెట్టు. నా సుట్టబట్ట నీకే ఇస్త, కొరుకుదువు."