మినుము మొలిచిన పొలంలో ట్రాక్టరు

నా చిన్నప్పుడు దుగ్గిరాల దగ్గర కాలవ కింద మా పెద్దమ్మ ఎకరం మాగాణి కౌలుకు చేసేది. ఆ పొలం తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. మొన్న మా మనవరాలు ఫోనులో వ్యవసాయం ఆట ఆడుతూ, కోత కాగానే ట్రాక్టరుతో మడంతా దున్నేసింది. ఎందుకే అంత తొందర అని కసిరాను. "కోశాక పొలం ఖాళీయే కదా తాతయ్యా! ఈసారి పైపైన గీరే కల్టివేటరు చాలదు, లోతుగా దున్నకపోతే దిగుబడి తగ్గుద్ది" అంది. దాని తప్పేం లేదు, ఆట అలాగే నేర్పింది. ఖాళీ అన్న మాట మాత్రం నేను భరించలేకపోయాను.

మా వైపు వరి కొయ్యకముందే, పైరు ఇంకా నిలబడి ఉండగానే, తడి మట్టిలో మినుములు చల్లుతారు. దున్నే పనే లేదు. కోసిన పనలు తీసేసరికి మోళ్ల మధ్య మొలకలు లేచి ఉంటాయి. రోడ్డు మీద నుంచి చూస్తే ఏమీ కనపడదు. వరిలో చాలా భాగం కౌలుకే పోయేది కాబట్టి, పెద్దమ్మ ఇల్లు గడవడానికి ఆ మినుమే దిక్కు.

ఒక ఏడు, వరి కోతలయ్యాక, పొలం సొంతదారు ఆసామికి దాన్ని ఇంకొకరికి ఇవ్వాలని బుద్ధి పుట్టింది. పెద్దమ్మతో ఒక్క మాటైనా అనకుండా, ఖాళీగా ఉంది దున్నేసి రమ్మని ట్రాక్టరు పంపాడు. పెద్దమ్మ అరవలేదు. డ్రైవరును కిందికి దిగమంది. "చెప్పులిప్పి ఆ గట్టు దాకా నడువు బాబూ. ఒక్క మొక్క తొక్కకుండా వెళ్లొచ్చావంటే దున్నుకో, నేనేం అనను" అంది. అతను వంగి చూశాడు. ఎత్తిన కాలు ఎక్కడ పెట్టాలో తెలియక వెనక్కి తీసుకుని, నావల్ల కాదమ్మా అని బండి తిప్పుకుపోయాడు.

ఆదివారం మేమంతా చర్చిలో ఉండగా ఇంకో ట్రాక్టరు వచ్చింది. మేం తిరిగొచ్చేసరికి పొలమంతా నల్లగా పెళ్లలు లేచి ఉంది. మోతుబరితో మనకెందుకు, క్షమించెయ్యమన్నారు చుట్టాలు. పెద్దమ్మ వినలేదు. నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కి తెనాలిలో ఆసామి ఇంటికి వెళ్లింది. అండీ అనకుండా ఎన్నడూ అతనితో మాట్లాడని మనిషి, వీధి గుమ్మం ముందు నిలబడి, నలుగురూ వింటుండగా, "పొలం నీది. మొలిచిన మినుము నాది. దాన్ని చంపింది నువ్వు" అంది. అతను తలుపేసుకున్నాడు. పొలం మాకు తిరిగి రాలేదు, మినుమూ రాలేదు.

ఆ కోపం మర్చిపొమ్మని పెద్దమ్మ నాకెప్పుడూ చెప్పలేదు. ఎవరి కష్టాన్నయినా ఏమీ లేదని కొట్టిపారేసేవాడు కనపడితే, నేనూ వాడి గుమ్మం ముందుకెళ్లి గట్టిగా అడుగుతాను. ఈ వయసులో బీపీ పెరుగుతుందని మా అబ్బాయి మందలిస్తాడు. పెరగనీ.